రోనాల్డ్ రాస్

రోనాల్డ్ రాస్ 1857లో ఆల్మోరాలో జన్మించెను. వైద్యము నభ్యసించి 1881లో భారత వైద్యశాఖలో చేరెను. మలేరియా చెడుగాలివలన వచ్చునని జనులు నమ్ముచుండిన కాలమది. రోగి రక్తమున సూక్ష్మజీవి కలదని 1880లో లావెరాన్ కనుగొనెను. అది ఒకరినుండి మరియొకరి కెట్లు చేరును? దోమలు చచ్చిన నీటిని త్రాగుటచే చేరునని మాన్సన్ అను వైద్యుడు ఊహించెను. రాస్ అట్టి నీటిని కొందరిచే త్రాగించి చూచెను, ఊహ నిలువలేదు. రెండేండ్లు దోమలను కోసి చూచినను ఫలితము లేకపోయెను. ఆయన పరీక్షించిన దోమల జాతియే వేరు!

1897లో సికింద్రాబాదున ఉక్క మిక్కుటముగా నుండెను. దోమలు చెదరునని రాస్ పంకా నాపించెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. ఆగస్టులో, నీటినుండి తెచ్చిన దోమపిల్లలను పెంచగా మచ్చల రెక్కల దోమలు వెలువడెను. హుసేన్‌ఖాన్ అను రోగి, కరచిన దోమకొక అణా చొప్పున పుచ్చుకొని, వానిచే కరపించుకొనెను. అతని పేరును మరువరాదు. ఆగస్టు 20న అట్టి దోమ నొకదానిని కోయగా, దాని కడుపుగోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు కనబడెను. మలేరియా జీవి యదియే.

మరుసటి యేడు కలకత్తాలో పక్షులపై పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజలగ్రంథులకు చేరి కాటుతో సంక్రమించునని నిరూపించెను. 1902లో నోబెల్ బహుమానము లభించెను. 1932లో రాస్ మరణించెను. బేగంపేటలో ఆయన పరిశోధించిన భవనము నేటికిని నిలిచియున్నది.