డోర్నకల్ బిషప్ అజరయ్య గారు



మా పోచంపల్లి నుండి భువనగిరి వెళ్ళి బెజవాడ వైపు రైలెక్కిన వారందరూ డోర్నకల్ జంక్షన్ దాటే ఉంటారు. సర్వీసులో ఉండగా నేనూ ఎన్నోసార్లు దాటాను. టీ తాగడమే తప్ప ఆ ఊరి సంగతి పట్టించుకోలేదు. రిటైరైన కొత్తలో, ఉద్యోగం పేరు తీసేస్తే నేనెవరిని అన్న ప్రశ్న వేధించేది. ఆ రోజుల్లోనే బిషప్ అజరయ్య గారి చరిత్ర చదివాను. మనబోటి వారికి పనికివచ్చే జీవితమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని ఒక తమిళ పల్లెలో జన్మించారు. తండ్రి హిందూ కుటుంబంలో పుట్టి, క్రైస్తవం స్వీకరించి, గ్రామ గురువుగా పనిచేశారు. వారిది నాడార్ కులం. ఆ రోజుల్లో చిన్నచూపు తప్పేది కాదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతా తిరిగారు. హోదా, పట్నవాసం, పెద్దల పరిచయం అన్నీ ఉన్నాయి.

1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత సొమ్ముతో సువార్త పని సాగించడం చూశారు. తమవారు మాత్రం దొరల మీద ఆధారపడటం ఆయనను కలవరపెట్టింది. క్రీస్తును నమ్మినవాడు పరాయి నీడలోనే బతకాలా అన్నది ఆయన మథన. 1903లో తిరునల్వేలిలో భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలను ఎంచుకుంది. ఇతరులను పంపి తాను పట్నంలో కూర్చోవడానికి మనసొప్పక, 1909లో ఉద్యోగం వదిలి, గురువై, భార్య అన్బు మరియమ్మాళ్ గారితో డోర్నకల్ చేరారు. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకున్నారు.

1910లో ఎడింబరో మహాసభలో, మిషనరీలు మాకు ధనమూ శ్రమా ఇచ్చారు గాని సమానులుగా స్నేహం ఇవ్వలేదని నిర్మొహమాటంగా చెప్పారు. సభలో కొందరికి కోపం వచ్చింది. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. అందుకు దొరలలోనే కాదు, స్వజనంలోనూ అడ్డుచెప్పిన వారున్నారు.

పదవి వచ్చినా ఆయన దొర కాలేదు. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వదిలించుకోమని మాల మాదిగ వాడల్లో బోధించారు. సంఘంలో కులభేదం కూడదన్నారు. చేతికి డిగ్రీ రాని ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

మత మార్పిడుల విషయంలో గాంధీగారికీ ఆయనకూ 1930లలో గట్టి భేదాభిప్రాయం వచ్చింది. కాని క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవారిలో ఆయన ముందున్నారు. తన విశ్వాసాన్ని వదలలేదు, తన దేశస్థుల నుండి వేరు పడనూ లేదు. ఆ రెండింటికీ పొత్తు కుదిరిన చోటే ఆయనకు శాంతి దొరికిందని నా భావన.

అందుకు సాక్ష్యం డోర్నకల్ కెథెడ్రల్. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఆ దేవాలయం స్తంభాలు మన గుళ్ళను తలపిస్తాయి, గుమ్మటాలు మసీదులను తలపిస్తాయి. 1945 జనవరి 1న అజరయ్య గారు డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన పాటుపడిన సంఘాల ఐక్యత 1947లో దక్షిణ ఇండియా సంఘంగా రూపుదాల్చింది. అది చూడటానికి ఆయన లేరు.

మా ఊళ్ళో చీర నేసిన తర్వాత రంగు వేయరు. నూలుకే కట్టుకట్టి రంగు వేసి, ఆ తర్వాత మగ్గమెక్కిస్తారు. అందుకే రంగు పైపూత కాదు, పోగులోనే ఉంటుంది. అజరయ్య గారికి బిషప్ పదవి పైనుండి వచ్చింది, విశ్వాసం పోగులోనే ఉంది. మన కుర్చీలు మనం ఖాళీ చేసి వచ్చాం. పోగులో ఏ రంగు ఉన్నదో ఎవరికి వారే చూసుకోవలసిన కాలమిది. ఈసారి డోర్నకల్‌లో రైలు ఆగితే దిగి, ఆ గుడి చూసి రండి.