విలియం రాస్కో

విలియం రాస్కో (మార్చి 8, 1753 - జూన్ 30, 1831) ఇంగ్లాండుకు చెందిన న్యాయవాది, చరిత్రకారుడు, కవి, బ్యాంకరు, వృక్షశాస్త్రజ్ఞుడు. బానిస వ్యాపారంతో సంపన్నమైన లివర్‌పూల్ నగరంలో పుట్టి, ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా పార్లమెంటులో ఓటు వేశాడు. అల్లానికి నేడు వాడుకలో ఉన్న జింజిబర్ అఫిసినేల్ అనే శాస్త్రీయనామాన్ని 1807లో ప్రకటించినది ఇతడే. అందుకే వృక్షశాస్త్ర గ్రంథాలలో ఆ నామం పక్కన రాస్కో పేరు కూడా కనిపిస్తుంది.

బాల్యం, విద్య

రాస్కో లివర్‌పూల్‌లోని మౌంట్ ప్లెజెంట్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి కూరగాయల తోట సాగు చేస్తూ ఒక సత్రాన్ని కూడా నడిపేవాడు. రాస్కో పన్నెండవ ఏట బడి మాని తండ్రికి తోటపనిలో తోడ్పడ్డాడు. బంగాళాదుంపల బుట్టను తలపై పెట్టుకొని సంతకు తీసుకువెళ్ళేవాడు. తీరిక వేళల్లో పుస్తకాలు చదివేవాడు. మొక్కలపై ఇతని ఆసక్తికి పునాది ఈ తోటలోనే పడింది. 1769లో ఒక న్యాయవాది వద్ద శిక్షణకు చేరి, 1774లో సొంతంగా వృత్తి ప్రారంభించాడు. లాటిను, ఇటాలియను భాషలను స్వయంకృషితో నేర్చుకున్నాడు. 1781లో జేన్ గ్రిఫీస్‌ను వివాహమాడాడు. వీరికి ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు.

రచనలు, బానిస వ్యాపార నిరసన

1777లో ప్రచురించిన మౌంట్ ప్లెజెంట్ అనే కావ్యంలోనే రాస్కో బానిస వ్యాపారాన్ని ఖండించాడు. 1787-88లలో ఆఫ్రికా ప్రజలకు జరుగుతున్న అన్యాయంపై మరొక కావ్యం వెలువరించాడు. నాటి లివర్‌పూల్ ధనికులలో అనేకుల సంపద బానిస ఓడల నుండి వచ్చినదే. కనుక ఇది ఇరుగుపొరుగు వారిని, కక్షిదారులను ఎదిరించడమే అయింది. లొరెంజో డి మెడిచి జీవితచరిత్ర 1796లో ఇతనికి యూరపు ఖండమంతటా పేరు తెచ్చింది. 1805లో పోప్ పదవ లియో చరిత్రను ప్రచురించాడు.

1806లో లివర్‌పూల్ నుండి పార్లమెంటుకు ఎన్నికైన రాస్కో, 1807 ఫిబ్రవరిలో బానిస వ్యాపార నిషేధ బిల్లును సమర్థించాడు. ఆ ఏడాది మే నెలలో నగరానికి తిరిగి వచ్చినపుడు ఆగ్రహించిన నావికులు ఇతని ఊరేగింపుపై దాడి చేశారు. తరువాతి ఎన్నికలో ఇతనికి స్థానం దక్కలేదు.

ఉద్యానవనం, అల్లం మొక్కలు

రాస్కో, అతని మిత్రులు కలసి 1802లో లివర్‌పూల్ వృక్షశాస్త్ర ఉద్యానవనాన్ని స్థాపించారు. జాన్ షెపర్డ్ దాని నిర్వాహకుడు. కలకత్తా నుండి నథానియల్ వాలిచ్, శ్రీరాంపూర్ నుండి విలియం కేరీ వంటివారు ఇక్కడికి మొక్కలు పంపేవారు.

అల్లం, పసుపు, ఏలకుల వంటి మొక్కల వర్గీకరణ ఆనాడు గందరగోళంగా ఉండేది. లిన్నేయస్ 1753లో, అంటే రాస్కో పుట్టిన ఏడాదే, అల్లాన్ని అమోమమ్ అనే ప్రజాతిలో చేర్చాడు. ఈ కుటుంబపు పువ్వులు మిక్కిలి సున్నితమైనవి. ఎండబెట్టి కాగితానికి అంటించిన నమూనాలో వాటి అసలు ఆకారం మిగలదు. అందువలన బ్రతికి ఉన్న మొక్క పుష్పించగా చూడడం తప్ప వేరే మార్గం లేదు. లివర్‌పూల్ చలిలో ఈ మొక్కలు ఆరుబయట బ్రతకవు. కాబట్టి వాటిని గాజు గృహంలో కుండీలలో పెంచవలసి వచ్చింది.

ఆ కాలపు ఉష్ణగృహాలలో గోడల లోపలి పొగగొట్టాల ద్వారా వేడి అందించేవారు. తోళ్ళు పదును చేయగా మిగిలిన చెట్టుబెరడును తొట్లలో నింపితే అది పులిసి వేడెక్కేది. మొక్కల కుండీలను అందులో పాతిపెట్టేవారు. అల్లం కొమ్ము నేలలో అడ్డంగా సాగుతుంది కనుక దానికి లోతుకంటె వెడల్పు గల కుండీ అనుకూలం. మట్టి వదులుగా ఉండి, నీరు నిలవకుండా జారిపోవాలి. శీతకాలంలో ఆకులు పండిపోయినపుడు నీరు తగ్గించకపోతే కొమ్ము కుళ్ళిపోతుంది. వసంతంలో వేడి, తేమ తగలగానే కన్నుల నుండి మళ్ళీ మొలకలు వస్తాయి.

ఈ మొక్కల పువ్వులో పుప్పొడినిచ్చే కేసరం ఒక్కటే ఉంటుంది. దాని ఆకారాన్ని ఆధారంగా చేసుకొని రాస్కో ప్రజాతులను విభజించాడు. అల్లం పువ్వులో పరాగకోశపు కొన కొమ్ములా సాగి కీలాన్ని చుట్టుకొని ఉంటుంది. ఈ లక్షణం వలన అల్లం ఇతర ప్రజాతుల నుండి వేరవుతుంది. ఈ విషయాలతో ఇతని వ్యాసం లండనులోని లిన్నేయన్ సొసైటీ సంపుటంలో 1807లో అచ్చయింది. బానిస వ్యాపార నిషేధ చట్టం వచ్చిన సంవత్సరం కూడా అదే. ఆనాడు బ్రిటనుకు శొంఠి ఎగుమతి చేసిన దేశాలలో బానిసల శ్రమపై నడిచిన జమైకా ఒకటి.

తెలుగు నేలతో సంబంధం

సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, తూర్పు కనుమలలో పెరిగే ఒక అడవి అల్లాన్ని అమోమమ్ రోజియమ్ పేరుతో తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో వర్ణించాడు. రాస్కో తన 1807 వ్యాసంలో దానిని అల్లం ప్రజాతికి మార్చాడు. నేడు అది జింజిబర్ రోజియమ్‌గా ప్రసిద్ధం. దాని నామం పక్కన ఈ ఇద్దరి పేర్లూ ఉంటాయి.

ఆర్థిక పతనం

ఒక మిత్రుని బ్యాంకును చక్కదిద్దే ప్రయత్నంలో రాస్కో అందులో భాగస్వామి అయ్యాడు. 1816లో ఆ బ్యాంకు చెల్లింపులు నిలిపివేసింది. అప్పులు తీర్చడానికి ఇతడు తన గ్రంథాలయాన్ని, చిత్రపటాలను అమ్ముకున్నాడు. మిత్రులు కొన్ని పుస్తకాలు కొని తిరిగి ఇవ్వబోగా స్వీకరించలేదు. ఆ పుస్తకాలను నగరంలోని ఎథీనియం గ్రంథాలయంలో ఉంచారు. 1820లో దివాలా తీశాడు.

సర్వస్వం పోయిన తరువాతనే రాస్కో తన పెద్ద వృక్షశాస్త్ర గ్రంథాన్ని వెలువరించాడు. 1824-1828 మధ్య భాగాలుగా వచ్చిన ఈ గ్రంథంలో 112 రంగుల చిత్రాలు ఉన్నాయి. అవి చాలావరకు లివర్‌పూల్ వనంలోని సజీవమైన మొక్కలను చూసి గీసినవి. చిత్రకారులలో ఇతని కోడలు మార్గరెట్ రాస్కో ఒకరు. అచ్చువేసినవి 150 ప్రతులు మాత్రమే.

మరణం, స్మృతి

రాస్కో 1831 జూన్ 30న లివర్‌పూల్‌లో మరణించాడు. బ్రిటిషు వలసలలో బానిసత్వాన్ని రద్దుచేసిన చట్టం ఆ తరువాత రెండేళ్ళకు, 1833లో వచ్చింది. ఇతడు అమ్ముకున్న చిత్రపటాలలో కొన్ని నేడు లివర్‌పూల్‌లోని వాకర్ చిత్రశాలలో ఉన్నాయి. హిమాలయాలలో పెరిగే అల్లం కుటుంబపు మొక్కలకు జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ 1806లోనే ఇతని గౌరవార్థం రాస్కోయా అని పేరు పెట్టాడు.