సాలార్‌జంగ్: దివాన్ పదవి వదిలేసి.. ప్రపంచ కళనే ఇంటికి తెచ్చుకున్న నవాబు!

హైదరాబాద్ వెళితే చార్మినార్‌తో పాటు సాలార్‌జంగ్ మ్యూజియం చూడాల్సిందే. గంట కొట్టే గడియారం ముందు జనం గుంపులుగా కూర్చుంటారు. అయితే ఇదంతా ఒకప్పుడు ఓ నవాబు సొంత సొత్తు అని ఎంతమందికి తెలుసు?

ఆయన పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్.. మూడో సాలార్‌జంగ్. 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. నెల తిరక్కుండానే తండ్రి రెండో సాలార్‌జంగ్ చనిపోయారు. దీంతో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ పసివాడి బాగోగులు చూసుకున్నారు.

తాత, తండ్రి ఇద్దరూ నిజాం దగ్గర దివాన్లే. యూసుఫ్ అలీఖాన్‌కూ 1912లో, 23 ఏళ్లకే ఆ పదవి దక్కింది. కానీ రెండేళ్లకే, 1914లో తప్పుకున్నారు. ఇక అక్కడి నుంచి ఆయన లోకమే వేరు. దాదాపు 35 ఏళ్ల పాటు జాగీర్ల ఆదాయాన్ని కళాఖండాలకే ఖర్చు పెట్టారు. ఐరోపా తిరిగి కొన్నారు.. వ్యాపారులు ఇంటికి తెస్తే కొన్నారు. పింగాణీ, దంతపు బొమ్మలు, జేడ్ పాత్రలు, కత్తులు, రాతప్రతులు.. ఏదీ వదల్లేదు. మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ మాత్రం తాత 1876లో రోమ్‌లో కొన్నది.

1949 మార్చి 2న ఆయన కన్నుమూశారు. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. ఆయన పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. సంస్థానం భారత్‌లో కలిసి అప్పటికి ఆర్నెల్లు కూడా కాలేదు. వేల వస్తువులు వేర్వేరు భవనాల్లో ఉన్నాయి. పంపకాల్లో పడితే అన్నీ చెల్లాచెదురే!

అప్పటి హైదరాబాద్ పాలనాధికారి వెల్లోడి చొరవ తీసుకున్నారు. కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్ సాయంతో వస్తువులన్నీ నవాబు నివాసం దివాన్ దేవిడీకి చేర్చారు. 1951 డిసెంబర్ 16న ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా ఆ ఇల్లే మ్యూజియంగా మారింది.

తర్వాత 1958లో హైకోర్టు ద్వారా జరిగిన రాజీతో వారసులు ఈ సేకరణను కేంద్రానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంటు చట్టంతో దీనికి జాతీయ ప్రాముఖ్యత హోదా వచ్చింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది.

దివాన్‌గా ఆయన ఉన్నది రెండేళ్లే. సాలార్‌జంగ్ పేరు నిలబడింది మాత్రం ఆయన కొని దాచిన వస్తువులతోనే!