కంట్రాక్టరు ప్రధాని మర్హూం రఫీక్ హరీరీ

సౌదీ అరేబియాకు పొట్ట చేతపట్టుకుని వెళ్ళినవారు మన జిల్లాలలో ఏ మొహల్లాకు వెళ్ళినా కనిపిస్తారు. ఇల్లు వేసుకున్నవారున్నారు, చెల్లెళ్ళ నికాహ్‌లు జరిపించినవారున్నారు, వట్టి చేతులతో తిరిగివచ్చినవారూ ఉన్నారు. అదే దారిన వెళ్ళి, కోట్లు గడించి, చివరకు స్వదేశానికి ప్రధానమంత్రి అయిన వ్యక్తి మర్హూం రఫీక్ హరీరీ. లెబనాన్ దేశంలో ఆయనను ఆకాశానికెత్తేవారూ ఉన్నారు, దుమ్మెత్తిపోసేవారూ ఉన్నారు. మేము ఆ రెండింటి జోలికీ పోకుండా ఆయన చేసిన పనిని, చేసిన అప్పును పక్కపక్కన పెట్టి చూడదలిచాము.

బైరూత్‌కు దక్షిణాన సముద్రపు ఒడ్డునున్న సైదా పట్టణంలో 1944 నవంబరు 1వ తేదీన ఒక పేద సున్నీ కుటుంబంలో హరీరీ జన్మించారు. తండ్రి తోటలలో పనిచేసి ఇల్లు గడిపేవారు. షఫీక్ అనే సోదరుడు, బహియ్య అనే చెల్లెలు. బైరూత్ అరబ్ యూనివర్సిటీలో కామర్సు చదువుకు చేరారు గానీ అది పూర్తి కాలేదు. 1965లో సౌదీ చేరుకుని మొదట లెక్కల మాస్టరుగా, తరువాత ఒక కంపెనీలో అకౌంటెంటుగా పనిచేశారు. లెక్కలు రాసినవారికి కంట్రాక్టులో లాభం ఎక్కడుందో, గండి ఎక్కడ పడుతుందో తెలియకపోదు కదా! నాలుగేళ్ళు తిరిగేసరికి సొంతంగా ఒక చిన్న కంట్రాక్టు కంపెనీ పెట్టారు.

1973 తరువాత చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. సౌదీ ప్రభుత్వం దగ్గర డబ్బుకు కొదవ లేదు, కొదవంతా టైముకు పని చేసిపెట్టేవాడికే. మక్కాకు చేరువలో కొండమీద ఉన్న తాయిఫ్ పట్టణంలో ఒక పెద్ద హోటలు కావాలని రాజు ఖాలిద్ కోరారు. గడువు చాలా తక్కువ. హరీరీ ఓజే అనే ఫ్రెంచి కంపెనీని కలుపుకుని, ఏడాది తిరక్కుండానే హోటలు కట్టి అప్పగించారు. ఆయన దశ తిరిగింది అక్కడే. 1978లో సౌదీ పౌరసత్వం లభించింది. ఆ ఫ్రెంచి కంపెనీని కూడా తానే కొనేశారు. సౌదీ ఓజే అన్న పేరు గల్ఫ్ వెళ్ళిన మనవాళ్ళకు కొత్తది కాదు.

ఇక మా దృష్టిలో ఆయన చేసిన అసలైన పని మరొకటి. అప్పటికి లెబనాన్‌లో అంతర్యుద్ధం నడుస్తోంది. 1975లో మొదలైన ఆ యుద్ధం పదిహేనేళ్ళు సాగింది. కాలేజీకి పోవలసిన కుర్రవాళ్ళు తుపాకులు పట్టుకుని వీధి మలుపుల్లో కాపలా కాసేవారు. అలాంటి రోజులలో, 1979లో, హరీరీ ఒక విద్యా సంస్థను స్థాపించారు. తరువాత అది హరీరీ ఫౌండేషన్‌గా పేరుపొందింది. లెబనాన్‌లోను, ఐరోపా, అమెరికా దేశాలలోను చదువుకునేందుకు ఆ సంస్థ 30,000 మందికి పైగా విద్యార్థులకు డబ్బు సమకూర్చింది. సున్నీ అని, షియా అని, క్రైస్తవుడని, ద్రూజ్ అని తేడా చూడలేదు. రేపటి రాజకీయాలకు మనుషులను కూడగట్టుకోవడానికే ఇదంతా చేశాడని గిట్టనివారంటారు. కావచ్చు. అయినా ఆ పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు అయిన మాట అబద్ధం కాదుగా. స్కాలర్‌షిప్ దరఖాస్తులు ముందు పెట్టుకుని పదిమందికి ఇవ్వాలా పన్నెండు మందికి ఇవ్వాలా అని తర్జనభర్జన పడే మనలాంటి సొసైటీల వారికి 30,000 అనే అంకె ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు.

1982లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్ మీదికి వచ్చి బైరూత్‌ను ముట్టడించిన తరువాత, వీధులలో శిథిలాలు ఎత్తిపోయడానికి హరీరీ తన కంపెనీ బుల్డోజర్లను, లారీలను దింపారు. క్రమంగా సౌదీ రాజుల తరఫున రాయబారం నడిపే మనిషయ్యారు. 1989లో లెబనాన్ శాసనసభ్యులు రాజీ చర్చలకు కూర్చున్నది కూడా తాయిఫ్‌లోనే, ఆ రాజీ వెనుక ఆయన కృషి ఎంతో ఉంది. ఆ దేశంలో అధ్యక్ష పదవి మారొనైట్ క్రైస్తవులకు, ప్రధాని పదవి సున్నీలకు, స్పీకరు పదవి షియాలకు అన్నది ఆనవాయితీ. శాసనసభలో అంతవరకు క్రైస్తవులకు ఆరు సీట్లుంటే ముస్లింలకు ఐదు చొప్పున ఉండేవి. తాయిఫ్ ఒప్పందంతో అవి సమానమయ్యాయి, ప్రధానికి అధికారాలూ పెరిగాయి.

1992 అక్టోబరులో హరీరీ ఆ గద్దె ఎక్కారు. పడిపోతున్న లెబనాన్ లీరా ఆయన రాకతోనే కొంత నిలదొక్కుకుంది. బైరూత్ నడిబొడ్డును తిరిగి కట్టడానికి 1994లో సొలిదేర్ అనే కంపెనీ ఏర్పడింది. అక్కడి స్థలాల యజమానులకు, అద్దెదారులకు రొక్కం బదులు ఆ కంపెనీ షేర్లు ఇచ్చారు. తాతలనాటి కొట్టు పోయి చేతిలో కాగితం మిగిలిందని ఎందరో మొత్తుకున్నారు. ఆ కంపెనీలో ప్రధానమంత్రికే పెద్ద వాటా ఉండటం మాకు మింగుడుపడని సంగతి. కంట్రాక్టు ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరే అయితే లెక్క అడిగేదెవరు?

కట్టడాలు లేచాయి, రోడ్లు, విమానాశ్రయం వచ్చాయి. డబ్బు మాత్రం అప్పు. ప్రభుత్వం అధిక వడ్డీకి ట్రెజరీ బిల్లులు అమ్మింది, దేశంలోని బ్యాంకులే వాటిని కొని లాభపడ్డాయి. ఆయన వచ్చిన కొత్తలో సుమారు 300 కోట్ల డాలర్లున్న అప్పు, 1998లో దిగిపోయేనాటికి దాదాపు 1,800 కోట్లకు చేరింది. రేపు దేశాల మధ్య శాంతి కుదురుతుంది, వ్యాపారం పెరుగుతుంది, అప్పు తీరుతుంది అన్నది ఆయన లెక్క. ఆ శాంతి రాలేదు. సొంత వ్యాపారంలో కలిసివచ్చిన సాహసమే ఖజానా దగ్గర బెడిసికొట్టిందని మా అభిప్రాయం.

2000 ఎన్నికలలో ఘనవిజయంతో తిరిగివచ్చారు. కానీ 1976 నుంచి దేశంలో తిష్ఠవేసిన సిరియా సైన్యం మాటకే అక్కడ చెల్లుబాటు. అధ్యక్షుడు లహూద్ పదవీకాలాన్ని సిరియా ఒత్తిడితో పొడిగించడంతో, 2004 అక్టోబరు 20న హరీరీ రాజీనామా ఇచ్చారు. 2005 ఫిబ్రవరి 14న బైరూత్ సముద్రతీరంలో ఆయన కార్ల వరుస వెళ్తుండగా పెద్ద బాంబు పేలింది. ఆయనతోపాటు మరి 21 మంది మరణించారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. తాను కట్టించిన మసీదు పక్కనే ఆయనను ఖననం చేశారు. జనం లక్షలుగా వీధుల్లోకి వచ్చారు, ఏప్రిల్ 26 నాటికి సిరియా సైన్యం వెళ్ళిపోయింది. అంతర్జాతీయ న్యాయస్థానం 2020 ఆగస్టులో హిజ్బుల్లాకు చెందిన సలీం అయ్యాష్‌ను దోషిగా తేల్చింది గానీ, అతను కోర్టుకు రానేలేదు.

అదే 2020 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం తన విదేశీ అప్పు కట్టలేక చేతులెత్తేసింది. హరీరీ తరువాత వచ్చినవారూ అప్పు మీద అప్పు చేసినవారే గనుక పాపమంతా ఆయనదే అనడం న్యాయం కాదు.

ఆయన వారసుల చేతిలోని సౌదీ ఓజే కంపెనీ 2016లో జీతాలివ్వలేని స్థితికి వచ్చింది. ఆ ఏడాది జిద్దా క్యాంపులలో సుమారు రెండున్నర వేలమంది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతం లేక, తిండికి కూడా ఇబ్బందిపడి చిక్కుకుపోయారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. కేంద్రమంత్రి వి.కె.సింగ్ స్వయంగా వెళ్ళి వారిని స్వదేశానికి పంపే ఏర్పాట్లు చూడవలసివచ్చింది. 2017 జూలై 31న ఆ కంపెనీ మూతపడింది.