దోర్నకల్ దైవసేవకుడు అజరయ్య

ఒక భాషలో పుట్టి, మరొక భాషవారి నడుమ జీవించడమంటే ఏమిటో కాటన్‌పేట తెలుగు కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ ఒకే వీధిలో వినవచ్చే పేట ఇది. ఇక్కడి విద్యార్థులు తెలుసుకోదగిన జీవితాలలో, తమిళుడై పుట్టి తెలుగువారి కొరకే బ్రతికి, తెలుగు నేలలోనే విశ్రమించిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి జీవితం ఒకటి.

వారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ ఊరి గురువు. అజరయ్య గారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివారు గాని, చివరి పరీక్షల వేళ జబ్బుపడి పట్టా పొందలేకపోయారు. ఆ పట్టా లేని విద్యార్థికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు నిచ్చింది. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని కట్నం లేకుండా వివాహమాడారు. ఆ రోజులలో అది చిన్న సంగతి కాదు.

1895 మొదలు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతా తిరిగారు. విదేశీయులు తెచ్చిన సువార్తను భారతీయులు తమదిగా చేసుకొని, తమ ధనంతో, తమ మనుషులతో చాటవలెనన్న తలంపు ఆ ప్రయాణాలలో వారికి బలపడింది. ఆ తలంపే 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సంఘంగా రూపు దాల్చింది. ఆ సంఘం తన సేవకు ఎన్నుకొన్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్, అనగా నేటి తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లా ప్రాంతం. ఇతరులను పంపి తాను నగరంలో ఉండడం న్యాయం కాదని తోచి, అజరయ్య గారు 1909లో ఉద్యోగం వదలి, కుటుంబంతో ఆ మారుమూలకు తరలివచ్చారు. అప్పటికి ముప్పది అయిదేండ్లవారు. తెలుగు పరాయి భాష.

1910లో ఎడింబరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగం పలువురిని నొప్పించింది. మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, దానధర్మాలకంటె స్నేహం కావాలని నిర్మొహమాటంగా అడిగారు. ఒక భారతీయుని అధ్యక్షునిగా నియమించే మాట వచ్చినప్పుడు తెల్లవారిలోనే కాక స్వదేశీయులలోను అభ్యంతరాలు లేచాయి. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయంలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

ఆయన పేరు నిలిపినది మాత్రం ఆ పదవి కాదు. ఊరి వెలుపల మాల మాదిగ పల్లెలలో, ఎడ్లబండి మీద ఊరూరా తిరిగి చేసిన పని. మురికి, రోగం, అప్పు, తాగుడు ఈ నాలుగూ పల్లెను పట్టిన దయ్యాలని బోధించేవారు. రక్షణ అంటే మరణానంతరం దొరికేది మాత్రమే కాదనీ, తలవంచి నిలిచిన మనిషి తల ఎత్తడం కూడ దానిలోనిదేననీ ఆయన విశ్వాసం. దోర్నకల్‌లో పల్లె ఉపదేశకులకు, వారి భార్యలకు కూడ శిక్షణ ఇచ్చారు. భార్య చదువుకోని ఇంట పాఠం సగమే నిలుస్తుందని ఎరిగిన మనిషి. స్త్రీలు పూట పూటకు తీసిపెట్టిన పిడికెడు బియ్యం సంఘానికి ఆధారమయ్యేది. బీదలు కూడ ఇవ్వగలరని, ఇవ్వడంలోనే వారి గౌరవం ఉందని ఆయన పట్టుదల.

బాప్తిస్మం పొందిన ప్రతివారి చేతిని వారి తలపైనే ఉంచి, తాము పొందిన సువార్తను ఇతరులకు చెప్పకుంటే తమకే కీడని వారిచేత పలికించేవారు. అక్షరం రాని కూలివాడు సైతం ఆనాటినుండి ఒక బోధకుడే. ఆ పల్లెలలో తాగుడు తగ్గడం, పిల్లలు బడికి పోవడం చూచిన ఇతర కులస్థులు సైతం 1930ల నాటికి సంఘంలో చేరసాగారు. దొరల ప్రసంగం తేలేని మార్పును పాలేరు నడవడి తెచ్చిందన్నమాట. 1941 నాటికి మండలంలోని క్రైస్తవుల సంఖ్య 2 లక్షలు దాటింది.

ఈ పెరుగుదలే వివాదానికి దారితీసింది. 1935లో అంబేడ్కర్ గారు హిందూ మతం వీడుదునని ప్రకటించిన తరువాత మతాంతరీకరణలపై దేశమంతా చర్చ చెలరేగింది. గాంధీజీ సామూహిక మార్పులను గట్టిగా విమర్శించారు. అణగినవారికి తమ దైవాన్ని తాము ఎన్నుకొనే హక్కు ఉందని అజరయ్య గారు నిలబడ్డారు. అదే సమయాన క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వలదని చెప్పినవారూ ఆయనే. సువార్త రాజకీయపు బేరం కారాదన్న ఈ నిలకడను ఆనాడు ఇరుపక్షాలవారూ తగినంతగా గ్రహించినట్లు కనబడదు.

1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన దోర్నకల్ దేవాలయంలో హిందూ మండపపు రాతి స్తంభాలు, ముస్లిం కట్టడాల గుమ్మటాలు ఒకచోట చేరాయి. ఆరాధనలో తెలుగు కీర్తనలు, పంటల పండుగలు చోటు చేసుకొన్నాయి. 1919లో తరంగంబాడిలో సంఘైక్యతకు నాంది పలికినవారిలో ఆయన ఒకరు. ఆ పనికి ఇరువది అయిదేండ్లు పాటుపడి, 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో అవతరించింది.