త్రాగుడుతో పోరాడిన అజరయ్యగారు

1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో ఒక పాదిరిగారి యింట వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు జన్మించిరి. 1909లో దోర్నకల్లు వచ్చి, తెలుగు నేర్చి, ఊరూర సువార్త ప్రకటించిరి. 1912 డిసెంబరు 29న ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని పల్లెలను పట్టిన దయ్యములుగా ఎంచి పోరాడిరి. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, ఆ పోరాటము మనకు మిగిలియున్నది. కల్లు, ఇప్పసారా మానిన సహోదరునికి క్రిస్మస్ మొదలు కొత్త సంవత్సరము వరకు గొప్ప శోధన. పాత స్నేహితులు పిలుతురు. మనమే ముందుగా పిలుతము. పండుగనాడు అతనిని ఇంటివారితో కూడ మన పంక్తిని కూర్చుండబెట్టి, రాత్రి ఆరాధనకు తోడుకొని పోదము. జారిపడినయెడల ఎగతాళి చేయక చేయిచ్చి లేపుదము. గలతీయులకు 6:1-2 ఇంటింట చదువుకొందము.