కోడి రామ్మూర్తి నాయుడు
కోడి రామ్మూర్తి నాయుడు (మరణం: 1942 జనవరి 16) ప్రముఖ వస్తాదు మరియు మల్లయోధుడు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులెస్ అను బిరుదులతో ప్రసిద్ధి పొందారు.

బాల్యము, విద్య
ఈయన 1880వ దశకంలో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించారు. ఈ ఊరు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. చిన్నతనంలోనే తల్లిని కోల్పోయి, విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగారు. చదువుకంటె కుస్తీపై మక్కువ ఎక్కువ. మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయునిగా పనిచేశారు.

బల ప్రదర్శనలు
తరువాత సర్కస్ కంపెనీని స్థాపించి దేశమంతటా, ఇంగ్లాండులోను ప్రదర్శనలిచ్చారు. ఊపిరి బిగించి ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులను తెంచుట, కదలబోవు మోటారు కార్లను పట్టి ఆపుట, ఛాతీపై ఏనుగును నిలుపుట వీటిలో ముఖ్యమైనవి. తన బలానికి ప్రాణాయామము, శాకాహారము మూలమని భావించేవారు. ఈ విద్యలు ఒలింపిక్ బరువుల పోటీల నియమాలకు లోబడినవి కావు. అందువలన ఈయన కీర్తి పతకాల పట్టికలలో గాక ప్రజల నోట నిలిచింది.

చివరి దశ
కాలిపై లేచిన కురుపు ముదిరినందున ఒక కాలును తొలగించవలసి వచ్చింది. దానితో ప్రదర్శనలు ఆగిపోయాయి. సంపాదనలో అధిక భాగం దానధర్మాలకే వెచ్చించిన ఈయన చివరి రోజులను ఒడిషాలోని బలంగీర్‌లో గడిపి, అచటనే మరణించారు. విశాఖపట్నం సముద్రతీరంలో ఈయన విగ్రహం ఉన్నది. శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి ఈయన పేరు పెట్టారు.